సాంజొవేజే: కరక్కాయ వగరున్న ద్రాక్ష

సోలాపూర్ జిల్లాల ద్రాక్ష తోటలు కొత్తేమీ కాదు. అయితే అక్లూజ్ దగ్గర కొన్ని తోటల్లో మనం బండి మీద కొనే ద్రాక్ష ఉండదు. పండు చిన్నది, గింజలుంటయి, రంగు నీలి నలుపు. పేరు సాంజొవేజే. దీని పుట్టిల్లు ఇటలీ దేశం. అక్కడ ఎర్ర వైన్ కోసం పెంచే ద్రాక్షల్లో అన్నిటికన్నా ఎక్కువ భూమిలో ఉన్నది ఇదే. అందులో తోస్కానా అనే ప్రాంతం దీనికి పెట్టింది పేరు.

తాగుమని రాస్తలేను, ముందే చెప్తున్న. తాగుడు మన గల్లీల్ల ఎన్ని సంసారాలు తిన్నదో మీకూ తెలుసు. నేను చెప్పేది ఆ తీగ గురించి, దాన్ని సాకిన మనుషుల గురించి.

ఈ తీగ మహా పేచీకోరు. తొందరగా చిగురేస్తది, అప్పుడు మంచు పడితే చిగురు మాడుతది. పండేది మాత్రం ఆలస్యం, సెప్టెంబరు చివర, అక్టోబరు. అప్పుడు వాన కొట్టిందా, తోలు సన్న నూలు బట్టలాగా పల్చన గనుక గుత్తి కుళ్ళిపోతది. కాయ ఎక్కువ పట్టనిస్తే రసం నీళ్ళనీళ్ళ అయితది. అందుకని కొన్ని పచ్చి గుత్తులు కోసి కింద పారేస్తరు. మన దగ్గర చలికి తీగ నిద్రపోదు, కాబట్టి ఏడాదికి రెండుసార్లు కత్తిరించాలె. పంట ఫిబ్రవరి, మార్చిల చేతికొస్తది.

తోటల పనిచేసే మా చుట్టం ఒక గుత్తి తెచ్చిచ్చిండు. నోట్లో వేసుకుంటే ముందు తీపి. తోలు, గింజ నమిలితే వగరు. మా పెద్దలు నూలుకు రంగు పట్టనీకి కరక్కాయ నీళ్ళల్ల ముంచేటోళ్ళు, ఆ కరక్కాయల ఉన్న జాతి వగరే ఇది. పులుపు, వగరు రెండూ గట్టిగా ఉన్నందుకే దీని వైన్ ఏండ్ల తరబడి నిలుస్తదంట. రంగు మరీ చిక్కన కాదు, పాతబడితే ఇటుక రంగుకు తిరుగుతది. మొంతాల్చీనో ఊరి బ్రునెల్లో అనే వైన్ ఈ ఒక్క ద్రాక్షతోనే చేస్తరు. పంట కోసిన తర్వాత ఐదో ఏడు జనవరి దాకా అమ్మనియ్యరు.

కియాంతీ అనే వైన్‌లోనూ ముఖ్యమైనది ఇదే. వెనుకట దాన్ని గుండ్రని సీసాల్లో పోసి, చుట్టూ గడ్డి అల్లేవారు. ఆ అల్లిక పని ఆడోళ్ళు ఇంటికాడ కూర్చుని చేసేటోళ్ళు. మన ఆడోళ్ళు చేటల తునికాకు పెట్టుకుని బీడీలు చుట్టినట్టే అనుకోండి.

తోస్కానాల చాలా తోటలు సాగు చేసినోళ్ళవి కావు. సగం పంట దొరకు, సగం రైతు కుటుంబానికి. పిల్లలు, ముసలోళ్ళు అంతా కలిసి చాకిరీ చేసినా లెక్క సగమే. 1950ల నుంచి వాళ్ళు ఊర్లు విడిచి పట్నాల బాట పట్టినరు. 1964ల చట్టం వచ్చి కొత్తగా అట్లాంటి ఒప్పందాలు రాసుకోవద్దన్నది. అప్పటికే చాలామంది వెళ్ళిపోయినరు.

అట్ల పోయినోళ్ళల్ల ఎంతోమంది చేరింది ప్రాతో అనే ఊరికి. అది బట్టల గిర్ణీల ఊరు. పాత ఉన్ని పేలికలు చింపి, మళ్ళీ నూలు వడికి, కొత్త బట్ట నేస్తరు. మనోళ్ళు తెలంగాణ ఊర్లు విడిచి మగ్గం పట్టుకుని సోలాపూర్ వచ్చిన కథ యాదికొచ్చింది నాకు. ఆ రైతులు వదిలిపోయిన రాతి ఇండ్లు ఎన్నో ఇప్పుడు డబ్బున్నోళ్ళ విడిది ఇండ్లయినయి. చుట్టూ అదే ద్రాక్ష కాస్తున్నది.