ఓఎల్ఈడీ తెరపై నిలిచిపోయే నీడ

ఎల్‌సీడీ టీవీలో తెర వెనుక ఒక దీపం ఎప్పుడూ వెలుగుతూ ఉంటుంది. ఓఎల్ఈడీలో ఆ దీపం లేదు. తెరపైని ప్రతి చుక్కా తానే వెలుగుతుంది. నలుపు కావలసిన చోట పూర్తిగా ఆరిపోతుంది. సోనీ సంస్థ 2007లో విక్రయించిన తొలి ఓఎల్ఈడీ టీవీ పరిమాణం 11 అంగుళాలే. నేడు గోడనిండా తెరలు వచ్చాయి.

వెలుగునిచ్చేవి కర్బన సమ్మేళనాలు. వాడేకొద్దీ అవి క్షీణిస్తాయి. నీలివర్ణానివి మరింత త్వరగా. తెర అంతా సమానంగా క్షీణిస్తే కంటికి తెలియదు. ఒకే బొమ్మ ఒకే చోట నిలిచినప్పుడే చిక్కు. మన ఇళ్లలో తెలుగు వార్తా చానల్ ఉదయం పెడితే రాత్రిదాకా మోగుతూనే ఉంటుంది, ఎవరు చూసినా చూడకపోయినా. అడుగున అక్షరాలు పరుగెడతాయి గాని, వాటి వెనుక పట్టీ కదలదు; మూలనున్న చానల్ గుర్తూ అంతే. వేల గంటల తరువాత సినిమా చూస్తున్నా ఆ పట్టీ నీడ కనిపించవచ్చు. అటువంటి మచ్చను చాలా కంపెనీల వారంటీ మినహాయిస్తుంది.

ఇందుకు కొంత రక్షణ టీవీలోనే ఉన్నది. చాలా మోడళ్లు మొత్తం నాలుగు గంటల వాడకం పూర్తయ్యాక, రిమోట్‌తో ఆపినప్పుడు, స్టాండ్‌బైలో చుక్కలను తామే సరిచేసుకొంటాయి. రిమోట్ నొక్కిన వెంటనే గోడ స్విచ్ కట్టివేసే మన పొదుపు ఆ పనిని సాగనివ్వదు. పిడుగుల వేళ తప్ప స్విచ్ ఉంచడమే మేలు. వార్తలకు వెలుగు తగ్గించాలి. రోజంతా వార్తలే చూసే ఇంటికి మాత్రం ఎల్‌సీడీయే తగినది.