పందెము నాటి రాకెట్టు

రాకెట్టు అన్న మాట వినగానే మీకు ఆకాశమున కెగిరిపోవు వాహనము జ్ఞప్తికి వచ్చును. నేను చెప్పబోవునది పట్టాలమీద పరుగెత్తిన రాకెట్టును గురించి. 1829లో ఇంగ్లండులోని న్యూకాసిలు పట్టణమున, రాబర్టు స్టీఫెన్‌సను కర్మాగారములో తయారైన ఆవిరి రైలింజను పేరది. దానికి చిన్న నమూనాలు చేసి, వానిలో నిజముగనే నీరు కాచి, ఆ ఆవిరితోనే నడుపు వేడుక పాశ్చాత్య దేశములలో నేటికిని కలదు. ఇది పిల్లల ఆట వలె కనబడును గాని, చేయబూనిన వానికి కొంత చరిత్ర, కొంత గణితము, కొంత లోహపుపని తెలిసియుండవలెను. ఓపిక మాత్రము చాల ఉండవలెను.

అట్టి పనివాని బల్లమీద ఒక నమూనా ఉన్నదనుకొందము. ప్రదర్శనశాలలో నున్న రాకెట్టును చూచి, దాని కొలతల ప్రకారము ఎవరో చక్కగా చేసిన నమూనా అది. చక్రములు తిరుగుచున్నవి, ఆవిరి పట్టుచున్నది, లోపమేమియు కనబడదు. అయినను మన పనివానికి తృప్తి లేదు. పందెములో గెలిచిన నాటి రాకెట్టు అతనికి కావలెను. తన యెదుట నున్నది అది కాదు. ఒకే ఇంజనుకు రెండు రూపము లెట్లు వచ్చెనో మొదట తెలిసికొందము.

లివర్‌పూలు, మాంచెస్టరు నగరముల నడుమ రైలుదారి వేయుచున్న కంపెనీవారికి ఒక సందేహము కలిగెను. బండ్లను లాగుటకు పట్టాలపై నడచు ఇంజనులు మేలా, లేక దారిప్రక్కన నిలిపిన యంత్రములకు త్రాళ్లు కట్టి లాగించుట మేలా? దీనిని తేల్చుకొనుటకై వారు 500 పౌనుల బహుమానము ప్రకటించి, 1829 అక్టోబరులో రెయిన్‌హిల్ అను చోట పందెము పెట్టిరి. నియమములు కఠినమైనవే. నాలుగు చక్రముల ఇంజను నాలుగున్నర టన్నులకు మించరాదు. పొగగొట్టము కొన నేలనుండి 15 అడుగులకు మించరాదు. బాయిలరులో ఆవిరి పీడనము చదరపు అంగుళమునకు 50 పౌనులు దాటరాదు. తన బరువునకు మూడు రెట్లు బరువును గంటకు 10 మైళ్ల వేగమున లాగవలెను. సుమారు ఒకటిన్నర మైలు దారిలో అటునిటు పలుమారులు తిరిగి, లివర్‌పూలునుండి మాంచెస్టరు వరకు గల దూరమునకు సరిపోవునంత నడువవలెను. లోపల గుఱ్ఱమును నడిపించి కదలించు యంత్రమును గూడ ఒకరు తెచ్చిరట! తక్కిన ఇంజనులు ఒక్కొక్కటే చెడిపోగా, నియమములన్నిటిని నెరవేర్చినది రాకెట్టు ఒక్కటే. వట్టిగా పరుగెత్తినప్పుడు అది గంటకు సుమారు 29 మైళ్ల వేగము నందుకొనెను.

గెలిచిన ఇంజనును స్టీఫెన్‌సనులు అట్లే ఉండనిచ్చిరా? లేదు. ఒకటి రెండేండ్లలోనే దానిని ఎంతయో మార్చిరి. మొదట దాని సిలిండర్లు రెండును వెనుక భాగమున ఎత్తుగా, సుమారు 38 డిగ్రీల వాలుతో అమర్చబడి, ముందున్న పెద్ద చక్రములను త్రిప్పుచుండెను. ఆ వాలు వలన పిస్టను త్రోపులో కొంత భాగము చక్రమును త్రిప్పుటకు గాక, ఇంజనును పైకి క్రిందికి ఊపుటకు వ్యయమగుచుండెను. వేగము హెచ్చినకొలది ఊగిసలాట హెచ్చెను. అందుచేత సిలిండర్లను సుమారు 8 డిగ్రీల వాలునకు దించిరి. పొగగొట్టము మొదట వంగి నేరుగా బాయిలరు ముఖమున అతికియుండెను. గొట్టములగుండ వచ్చు బూడిద నిలుచుటకు అచట చోటు చాలలేదు. కావున ముందు ఒక పొగపెట్టెను చేర్చి, పొగగొట్టమును పొట్టిది చేసిరి. తరువాత ఇంజను బొగ్గుగనులకు అమ్ముడుపోయి, అచటను కొంతకాలము పని చేసి, 1862లో లండనులోని పేటెంటు కార్యాలయపు ప్రదర్శనశాలకు చేరెను. కనుక ప్రదర్శనశాలకు చేరినది వార్ధక్యమునందలి రాకెట్టు. పందెపు దినమున మెరిసిన పసుపు రంగు గూడ దానిపై మిగులలేదు. తాతగారి ముఖమును చూచి ఆయన పెండ్లినాటి చిత్రమును గీయుట యెంత కష్టమో ఊహించుకొనుడు.

అయినను ఆధారములు లేకపోలేదు. పందెమునకు న్యాయనిర్ణేతలైన ముగ్గురిలో ఒకరగు రాస్ట్రిక్ తన పుస్తకమున కొలతలను, చిత్రములను వ్రాసికొనియుండెను. 1829 నాటి పత్రికలో బొమ్మ అచ్చైనది. బెయిలీ, గ్లిథిరో అను ఇరువురు 1999లో ఇంజనును విడదీసి పరిశీలించి, ఏ భాగము మొదటిదో ఏది తరువాతిదో నిర్ణయించి గ్రంథము వ్రాసిరి. పందెము జరిగి 150 ఏండ్లు నిండిన సందర్భమున 1979లో పూర్తి పరిమాణముగల ప్రతిరూపము నొకదానిని నిర్మించిరి. మన పనివాడు వీనినన్నిటిని ప్రక్కన పెట్టుకొనియే ఆకురాయి పట్టుకొనవలెను.

ఇక గణితము. అసలు పట్టాల నడుమ వెడల్పు 4 అడుగుల ఎనిమిదిన్నర అంగుళములు. నమూనా పట్టాల వెడల్పు మూడున్నర అంగుళములు. అనగా కొలత సుమారు పదునారవ వంతు. 6 అడుగుల పొడవుగల బాయిలరు నాలుగున్నర అంగుళము లగును. 40 అంగుళముల అడ్డుకొలత రెండున్నర అంగుళములకు దిగును. 8 అంగుళముల సిలిండరు అర అంగుళ మగును. పొగగొట్టము కొన పట్టాలనుండి పదకొండుంబావు అంగుళములు మించరాదు. ఇంతవరకు సులభమే.

చిక్కెక్కడ వచ్చుననగా, పొడవు పదునారవ వంతైనచో వైశాల్యము 256వ వంతు, ఘనపరిమాణము 4,096వ వంతు అగును. అసలు రాకెట్టు బరువు సుమారు నాలుగుంబావు టన్నులు. అదే లోహముతో అదే తీరున చేసిన నమూనా రెండుంబావు పౌనులకు కొంచెము పైగా తూగును. పిస్టను వైశాల్యము 256వ వంతే తగ్గినది గాని, బరువు 4,096వ వంతునకు దిగినది. అదే పీడనమున ఆవిరి ఇచ్చినచో, బరువుతో పోల్చిచూడ చిన్న ఇంజనునకు బలము పదునారు రెట్లు హెచ్చు! చక్రములు పట్టాలపై పట్టు దొరకక ఉన్నచోటనే గిరగిర తిరుగును. మరొకవైపు, నీరు కొంచెము, ఉపరితలము విశేషము గనుక వేడి త్వరగా పోవును. కొలతలను చిన్నవి చేయవచ్చును గాని, ప్రకృతి నియమములను చిన్నవి చేయుట ఎవరి తరము?

బాయిలరులోపలి గొట్టముల సంగతియు ఇట్టిదే. రాకెట్టు విజయమునకు ముఖ్యకారణము 3 అంగుళముల అడ్డుకొలతగల 25 రాగి గొట్టములు. కంపెనీ కార్యదర్శియగు హెన్రీ బూత్ ఇచ్చిన సలహా అది. నిప్పుపెట్టెలోని వేడి గాలి వానిగుండ పోవుచు చుట్టునున్న నీటిని కాచును. కొలత ప్రకారము చేసినచో ఒక్కొక్క గొట్టము అంగుళములో పదునారింట మూడు వంతులే యగును. మసి పట్టగానే పూడిపోవును. కావున నమూనాలో గొట్టముల సంఖ్య తగ్గించి, లావుగా చేయుదురు. ఇది మోసము కాదా యని మీరడుగవచ్చును. నా మట్టుకు నేను దీనిని మోసమనను. బయటినుండి కనబడు రూపమున సత్యమును పాటించి, లోపల పని జరుగు తీరును వేరుగా చేసితినని ఒప్పుకొన్నవాడు నిజాయితీపరుడే. కనబడుచోట తప్పు చేసి పసుపు రంగుతో కప్పినవాడే మోసగాడు.

ఇప్పుడు అసలు పని. పొగపెట్టెను తీసివేయుట పెద్ద కష్టము కాదు. దానిలో ఆవిరి పీడన ముండదు. అయితే దాని వెనుకనున్న బాయిలరు ముఖపు రేకుపై రంపపు మొన తగులరాదు, పీడనమంతయు మోయునది అదియే. కొత్త పొగగొట్టమును రాగిరేకుతో చుట్టి, అడుగును వంచి వెడల్పు చేసి, గొట్టముల కొనలన్నిటిని కప్పునట్లు అమర్చవలెను. మంట తగులు చోట్ల సీసపు మాటు పనికిరాదు, కరగిపోవును. అచట వెండి టంకమే వాడవలెను. సిలిండర్లనుండి వాడిన ఆవిరిని తెచ్చు గొట్టములను పొడిగించి పొగగొట్టములోనికి చేర్చవలెను. ఆ ఆవిరి పైకి పోవుచు గాలిని లాగి, నిప్పును రగుల్చును.

సిలిండర్లను 8 డిగ్రీలనుండి 38 డిగ్రీలకు ఎత్తుటలోనే మన పనివాడు మొదట దెబ్బతినెను. సిలిండరు నడిగీత చక్రపు ఇరుసు కేంద్రముగుండ పోవునట్లు కొలిచి, కొత్త పలకలపై బిగించెను. చూపునకు దివ్యముగా నుండెను. ఆవిరి విడువగా ఇంజను ఒకసారి వణకి, గురకపెట్టి, నిలిచిపోయెను. కారణమేమి? ఆవిరిని సిలిండరులోనికి విడుచు కవాటమును నడుపు కడ్డీని అతడు పాతచోటనే ఉంచెను. సిలిండరు 30 డిగ్రీలు తిరిగినది, కవాటపు కడ్డీ తిరుగలేదు. అనగా చక్రము చుట్టులో పండ్రెండవ వంతు తేడాతో ఆవిరి వచ్చుచున్నది. పిస్టనునకు కావలసినప్పుడు రాక, అక్కరలేనప్పుడు వచ్చి అడ్డుపడుచున్నది. ఇరుసుపై కవాటమును నడుపు చక్రమును కూడ 30 డిగ్రీలు త్రిప్పి బిగించిన పిమ్మటగాని దోషము తొలగలేదు. ఆ చిన్న మరను ఎటు త్రిప్పవలెనో తెలియక, రెండు సాయంకాలములు వ్యతిరేకదిశలోనే త్రిప్పి చూచెనట!

ఆవిరి పెట్టుటకు ముందొక పరీక్ష తప్పనిసరి. మార్పులు చేసిన బాయిలరును చన్నీటితో నిండ నింపి, చేతిపంపుతో పనిపీడనమునకు రెండింతల పీడనము కలిగింపవలెను. నీరు ఇంచుమించు అణగదు గనుక ఎక్కడైన పగులున్నచో బొట్లు కారునే గాని ప్రేలుడు జరుగదు. ఆవిరితోనో గాలితోనో అట్టి పరీక్ష చేయుట ప్రాణాపాయము. ఈ పనిని పెద్దలు, అందును తెలిసినవారు, దగ్గరనుండి చేయవలెను. మీరు వంటింటి పాత్రలతో ప్రయత్నింపరాదు సుమా!

బాయిలరునకు పసుపు, పొగగొట్టమునకు తెలుపు రంగు వేసి ఆరబెట్టి, వెనుక నీటిపీపా బండిని తగిలించి, ఒకనాడు ఆ చిన్న రాకెట్టును పట్టాలపై విడిచెను. మెల్లగా కదిలినంతసేపు హుందాగా నడిచెను. వేగము హెచ్చగనే, సిలిండర్ల త్రోపునకు ఒకసారి కుడివైపు ఒకసారి ఎడమవైపు లేచుచు, మెత్తని స్ప్రింగులపై పిట్టవలె ఊగుచు పోయెను. పూర్వరూపమున లేని ఆ ఊపును చూచి అతడు నవ్వుకొని, ఆవిరి తగ్గించెను. ఊడదీసిన పొగపెట్టెను, 8 డిగ్రీల పలకలను ఒక పెట్టెలో పెట్టి, పైన చీటి అంటించి, అటకమీద దాచెను.