చప్పుడు చేయని వ్యాయామం: మీ గుండెకు బలం, కింది ఇంటికి నిద్ర

పెరటిలో వేపచెట్టు కింద, వాకిట అరుగు ముందు వ్యాయామం చేసిన రోజులలో మన అడుగుల బరువును నేలతల్లి మోసేది. నేడు మహానగరాలలోనే కాదు, చిన్న పట్టణాలలో సైతం అంతస్తుల నివాసాలు వెలిశాయి. ఒకరి ఇంటి నేల మరొకరి ఇంటి కప్పు అయింది. మనం గెంతిన ప్రతి గెంతూ కింది ఇంటివారి నెత్తిన పడుతున్నది.

"రోజూ అరగంట చురుకుగా నడవండి" అని వైద్యులు చెబుతారు. చెప్పడం సులువే. వైశాఖ జ్యేష్ఠ మాసాలలో ఉదయం ఎనిమిది గంటలకే ఎండ మండిపోతుంది. శ్రావణం వచ్చేసరికి వాన, బురద. వీధికుక్కలు, నడకదారి లేని రోడ్లు, వేగంగా దూసుకుపోయే మోటారు సైకిళ్ళు. వీటన్నిటి నడుమ నడక మానుకున్న గృహిణులు, వృద్ధులు ఎందరో ఉన్నారు. ఇంటిలోనే ఏదైనా చేద్దామనుకుంటే కింది ఇంటివారు తలుపు తడతారు.

నాకు తెలిసిన ఒక నివాస సముదాయంలో ఇదే జరిగింది. మూడవ అంతస్తులో ఉండే ఉద్యోగికి 50 ఏళ్ళు దాటాయి. రక్తంలో చక్కెర హద్దు మీద ఉన్నదని తెలిసి, తెల్లవారుజామున 5 గంటలకు లేచి, తాడాట మొదలుపెట్టాడు. సరిగా ఆ గది కిందనే, గుండె రక్తనాళానికి స్టెంట్ వేయించుకుని ఆసుపత్రి నుండి వచ్చిన ఒక పెద్దావిడ పడుకుంటున్నది. నాలుగు రోజులు ఓర్చుకున్నారు, అయిదవ రోజున మాట పెరిగింది, విషయం సంఘ సమావేశం దాకా వెళ్ళింది. అవమానపడిన ఆ పెద్దమనిషి తాడును అటక మీద పారవేశాడు, దానితోపాటు వ్యాయామమూ అటకెక్కింది. మూడు నెలల తరువాత పరీక్ష చేయిస్తే చక్కెర హద్దు దాటింది. ఒకరు తన గుండెను కాపాడుకోవాలనుకున్నారు, మరొకరికి తన గుండెకు విశ్రాంతి కావాలి. ఇద్దరి కోరికా న్యాయమైనదే. తాడు ఒక్కటే మార్గమని అనుకోవడం వద్దనే చిక్కు వచ్చింది.

శాస్త్రం ఏమంటున్నది?

వాగ్భటుడు అష్టాంగహృదయంలోని దినచర్యాధ్యాయంలో వ్యాయామ ఫలాలను చెబుతూ, శరీరం తేలికపడుతుందని, పనిచేసే సామర్థ్యం కలుగుతుందని, జఠరాగ్ని దీప్తమవుతుందని, మేదస్సు తరుగుతుందని వివరించాడు. అయితే శక్తిలో సగం మాత్రమే వినియోగించాలని నియమం పెట్టాడు. అదీ బలవంతులకు, స్నిగ్ధాహారం తినేవారికి, హేమంత శిశిర వసంతాలలో. మిగిలిన ఋతువులలో ఇంకా తక్కువ. సగం శక్తి ఖర్చయినదని తెలిసేదెట్లా? ఆయుర్వేద గ్రంథాలు గుర్తులు చెప్పాయి. నోటితో ఊపిరి తీసుకోవలసి రావడం, నుదుట, ముక్కు మీద, చంకలలో, కీళ్ళ వద్ద చెమట పట్టడం, నోరు ఎండడం. ఆ గుర్తులు కనబడగానే ఆపివేయాలి.

నేటి వైద్యులు చెప్పే మాటల పరీక్ష దీనికి చాలా దగ్గరగా ఉన్నది. వ్యాయామం చేస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అది మధ్యస్థ వ్యాయామం. నాలుగు మాటలు కూడా ఒక్క ఊపిరిలో రాకపోతే అది తీవ్రం. రక్తపోటుకు వాడే కొన్ని మందులు నాడి వేగాన్ని తగ్గిస్తాయి గనుక, అవి వాడేవారు నాడి లెక్క కంటే ఈ పరీక్షనే నమ్ముకోవడం మంచిది.

మరొక సంగతి గమనించండి. ఆయుర్వేదం శరీరాన్ని నిలబెట్టే మూడు ఉపస్తంభాలుగా ఆహారాన్ని, నిద్రను, బ్రహ్మచర్యాన్ని పేర్కొన్నది. వ్యాయామం ఎంత గొప్పదైనా ఆ మూడింటిలో లేదు, నిద్ర ఉన్నది. కాబట్టి మన వ్యాయామం కోసం పొరుగువారి నిద్రను చెడగొట్టడం శాస్త్రానికి కూడా సమ్మతం కాదని నా అభిప్రాయం.

చప్పుడు ఎలా దిగుతుంది?

మాటలు, పాటలు గాలి ద్వారా ప్రయాణిస్తాయి. తలుపు మూస్తే చాలావరకు తగ్గుతాయి. అడుగు దెబ్బ అలా కాదు. అది కాంక్రీటు పలకను కదిలిస్తుంది, ఆ కదలిక కింది గది కప్పును డోలు చర్మంలా మోగిస్తుంది. గెంతి దిగినప్పుడు పాదాలు నేలను మన బరువుకు రెండు మూడు రెట్ల బలంతో తాకుతాయి. పైగా మన ఇళ్ళలో పాలరాయి, గ్రానైటు, విట్రిఫైడ్ టైల్స్ వంటి గట్టి నేలలే ఎక్కువ. దెబ్బను మింగే గుణం వాటికి లేదు.

యోగా చాప పరిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. నాలుగైదు మిల్లీమీటర్ల చాప టకటక శబ్దాన్ని తగ్గిస్తుంది గాని, మడమ పడినప్పుడు వచ్చే దబ్ దబ్ అనే బరువైన మోతను ఆపలేదు. కింది ఇంటివారిని బాధించేది ఆ మోతే. మందపాటి రబ్బరు పరుపు కొంత మెరుగు. జంపఖానాను నాలుగు మడతలు వేసి నున్నని టైల్స్ మీద పరవడం మాత్రం ప్రమాదం, కాలు జారి తుంటి విరిగితే వ్యాయామం సంగతి దేవుడెరుగు.

అసలు ఉపాయం వేరు. మన పాదాలు నేలను విడిచాయో లేదో గుండెకు తెలియదు. కండరాలు ఎంత ప్రాణవాయువును అడుగుతున్నాయో అంతే దానికి తెలుస్తుంది. తొడలు, పిరుదులు శరీరంలోకెల్లా పెద్ద కండరాలు. వాటికి పని కల్పిస్తే గెంతకుండానే గుండె వేగం పుంజుకుంటుంది. ఒక పాదం ఎల్లప్పుడూ నేలమీదనే ఉండాలి, రెండవ పాదం మునివేళ్ళతో మొదలై మెల్లగా మడమ వరకు ఆనాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే చప్పుడు చాలావరకు మాయమవుతుంది.

చేయదగిన వ్యాయామాలు

మొదటిది నిలుచున్న చోటనే నడక. మోకాళ్ళను వీలైనంత పైకి, సాధ్యమైతే నడుము ఎత్తుకు లేపుతూ, మోచేతులు మడిచి ఊపుతూ నడవాలి. నిమిషానికి 100 అడుగుల వేగం చురుకైన నడకతో సమానంగా భావించవచ్చు. గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టుకుంటే నాలుగు రోజులలో వేగం అలవాటవుతుంది. విసుగు పుడితే మధ్యలో రెండు అడుగులు కుడికి, రెండు అడుగులు ఎడమకు వేసి, ప్రతిసారీ కొంచెం మోకాళ్ళు వంచండి.

రెండవది మన తాతల కాలం నాటి బస్కీలు. సాముగరిడీలలో దండీలు, బస్కీలు లేని రోజు ఉండేది కాదు. చప్పుడు లేకుండా గుండెను పరుగెత్తించడంలో దీనికి సాటి వచ్చేది తక్కువ. పాదాలను భుజాల వెడల్పున ఉంచి, నాలుగు అంకెలు లెక్కించేంత నిదానంగా కిందికి దిగి, రెండు అంకెలలో పైకి లేవాలి. వేగంగా చేస్తే మోకాళ్ళకు శ్రమ, నిదానంగా చేస్తే తొడలకు శ్రమ. మనకు కావలసింది రెండవదే. మోకాళ్ళ నొప్పులున్నవారు పూర్తిగా కూర్చోరాదు. గోడకు ఆనించిన కుర్చీ మీద కూర్చుని, చేతుల సాయం లేకుండా లేచి, మరల కూర్చోవడం వారికి తగిన వ్యాయామం. ఇలా పదిసార్లు చేసేసరికి అరవై దాటిన వారికి ఊపిరి వేగం తెలిసివస్తుంది. కుర్చీ కాళ్ళకు రబ్బరు తొడుగులు వేయడం మరువకండి, ఆ గీత చప్పుడు కూడా కిందికి వినబడుతుంది.

మూడవది సూర్య నమస్కారాలు. ఔంధ్ సంస్థానాధీశుడు భవన్‌రావ్ పంత్ ప్రతినిధి 20వ శతాబ్ది తొలి అర్ధభాగంలో వీటిని నిత్య వ్యాయామంగా ప్రచారం చేశారు. నేడు కొన్ని చోట్ల రెండు కాళ్ళనూ ఒక్కసారిగా వెనుకకు గెంటి నేర్పుతున్నారు. అంతస్తుల ఇళ్ళలో అది పనికిరాదు. ఒక కాలు, తరువాత రెండవ కాలు వెనుకకు జరపాలి. విరామం లేకుండా 10 నిమిషాలు చేస్తే చెమట పట్టక మానదు. తల వంచితే కళ్ళు తిరిగేవారు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు దీనిని వదిలి నడకనే చేయవలెను.

గాలిలో పిడిగుద్దులు పిల్లలకు సరదాగా ఉంటాయి, పెద్దలకూ నష్టం లేదు. పాదాలు కదపకుండా, నడుము తిప్పుతూ కుడి ఎడమ చేతులను ఎదురుగా విసరాలి. మోచేయిని పూర్తిగా చాచి విదిలించరాదు.

కపాలభాతి, భస్త్రిక చేస్తే ఈ శ్రమంతా అక్కరలేదని కొందరు చెబుతారు. ప్రాణాయామం ప్రయోజనం ప్రాణాయామానిది, కాళ్ళు చేతులు చేయవలసిన పనిని ముక్కు చేయలేదు. గుండెజబ్బు, అధిక రక్తపోటు ఉన్నవారు ఆ వేగపు శ్వాసలు గురుముఖంగా తప్ప చేయనే కూడదు.

మెట్ల సంగతి వేరుగా చెప్పాలి. జెరెమీ మోరిస్ అనే వైద్య పరిశోధకుడు లండన్ నగరపు రెండంతస్తుల బస్సులలో పనిచేసేవారిని పరిశీలించి, 1953లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రకటించాడు. రోజంతా కూర్చుని బస్సు నడిపే డ్రైవర్లకంటే, మెట్లెక్కి దిగుతూ టికెట్లిచ్చే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువని తేలింది. అటువంటి మెట్లు మన గుమ్మం బయటనే ఉన్నాయి. లిఫ్టును నమ్ముకుని వాటిని పాలప్యాకెట్లవాడికి వదిలివేశాము. చప్పుడు చేయని రబ్బరు అడుగు బూట్లు వేసుకుని ఎక్కండి. దిగేటప్పుడు మోకాళ్ళమీద భారం ఎక్కువ, అందుచేత నొప్పులున్నవారు మెట్లమీదుగా ఎక్కి లిఫ్టులో దిగడం ఉత్తమం.

యంత్రాలు కొనదలచినవారికి ఒక మాట. ట్రెడ్‌మిల్ మీద పరుగు కింది ఇంటికి నిత్య శిక్ష. కొనక తప్పదనుకుంటే గది నడిమధ్యన కాక, స్తంభానికో దూలానికో దగ్గరగా, మందపాటి రబ్బరు పలక మీద పెట్టి, పరుగు కాక నడక మాత్రమే చేయండి. కాంక్రీటు పలక నడుమ భాగంలోనే ఎక్కువ ఊగుతుంది. వ్యాయామ సైకిలు ఈ బాధ లేనిది.

ఎంతసేపు, ఎప్పుడు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం పెద్దలకు వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం అవసరం. వారంలో 5 రోజులు, రోజుకు 30 నిమిషాలు అన్నమాట. ఒకే విడతగా చేయనక్కరలేదు. ఉదయం 10 నిమిషాలు, వంట ముగిశాక 10 నిమిషాలు, సాయంత్రం 10 నిమిషాలు చేసినా లెక్కకు వస్తుంది. గృహిణులకు ఇది గొప్ప వెసులుబాటు. కొత్తగా మొదలుపెట్టేవారు తొలి వారం 10 నిమిషాలతో ఆపి, వారానికి 5 నిమిషాల చొప్పున పెంచుకోవాలి. ప్రతిసారీ తొలి, తుది కొద్ది నిమిషాలు మెల్లని నడకకు కేటాయించండి.

బ్రాహ్మీ ముహూర్తాన లేవడం మంచి అలవాటే. కాని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమావళి రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు రాత్రిగానే పరిగణిస్తుంది. కనుక 6 లోపు ప్రార్థన, ప్రాణాయామం, ఆసనాలు చేసుకుని, నడక, బస్కీలు ఆ తరువాత మొదలుపెట్టవచ్చు. భోజనమైన రెండు మూడు గంటల వరకు, అజీర్ణంగా ఉన్నప్పుడు, జ్వరంలో వ్యాయామం చేయరాదు. ఎండాకాలంలో కిటికీలు తెరిచి, ఫ్యాను వేసుకుని, చల్లని పూటలనే ఎన్నుకోండి.

మీ అడుగు వినబడుతున్నదో లేదో తెలుసుకునేందుకు సులువైన పరీక్ష ఉన్నది. ఇంట్లో ఎవరినైనా ఆ వ్యాయామం చేయమని చెప్పి, మీరు కింది ఇంటికి వెళ్ళి కూర్చుని వినండి. ఏ గదిలో, ఏ మూల తక్కువ మోగుతుందో అక్కడే తేలిపోతుంది. పై చెప్పిన ఉద్యోగి చివరకు ఇలాగే చేశాడు. పడకగది వదిలి, వంటింటి పక్కన దూలం మీదుగా ఉన్న వసారాకు మారాడు, తాడుకు బదులు బస్కీలు ఎంచుకున్నాడు. కింది పెద్దావిడ వైద్యుని అనుమతితో తానూ కుర్చీ వ్యాయామం మొదలుపెట్టింది.

జాగ్రత్తలు

ఛాతీలో నొప్పి, బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట, కళ్ళు చీకట్లు కమ్మడం కనిపిస్తే వెంటనే ఆపి, కూర్చుని, 108కి ఫోను చేయించాలి. వాయువు పట్టిందని వాము నమిలి ఊరుకోవడం ప్రాణాంతకం కావచ్చు. గుండెజబ్బు ఉన్నవారు, శస్త్రచికిత్స అయినవారు, గర్భిణులు వైద్యుని అడిగిన తరువాతనే ప్రారంభించాలి. ఇన్సులిన్, చక్కెర తగ్గించే మాత్రలు వాడేవారికి వ్యాయామ సమయంలో చక్కెర పడిపోయే అవకాశం ఉన్నది. వణుకు, అతి ఆకలి, చెమట దాని గుర్తులు. పటికబెల్లం ముక్క గాని, గ్లూకోజు గాని చేతికందేచోట ఉంచుకోండి.

వ్యాయామం ముగిశాక ఒళ్ళంతా హాయిగా మర్దించుకోమని వాగ్భటుడే చెప్పాడు. చెమట ఆరనిచ్చి, గోరువెచ్చని నువ్వుల నూనెతో పిక్కలు, తొడలు, అరికాళ్ళు మర్దించి, పావుగంట తరువాత గోరువెచ్చని నీటితో స్నానం చేస్తే ఒళ్ళు నొప్పులు చాలావరకు తగ్గుతాయి. నూనె కాళ్ళతో టైల్స్ మీద నడవకండి, పాత తువ్వాలు పరచి అక్కడే కూర్చోండి. దాహానికి మంచినీరు గాని, జీలకర్ర పొడి, చిటికెడు ఉప్పు వేసిన పలుచని మజ్జిగ గాని తాగవచ్చు. రక్తపోటు ఉన్నవారు ఉప్పు మానివేయవలెను. ఫలహారం అరగంట ఆగి తీసుకోండి.