కొండమీది మట్టి ఎక్కడికి పోతుంది?

 

నేను కామర్స్ పట్టభద్రుణ్ణి. బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. సైన్సు నా సబ్జెక్టు కాదు. అయినా 1990 నవంబరులో మన గంజాం జిల్లాకు వచ్చిన వరదలు నా చేత ఈ పాఠం చదివించాయి. వరద తీసిన తరువాత ఒక రైతు మా బ్రాంచికి వచ్చి, "బాబూ, పొలం ఉంది గానీ మన్ను కనబడటం లేదు. మోకాలి లోతు ఇసుక మేట వేసింది. అప్పు ఎలా తీర్చేది?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ ఇసుక ఎలా వచ్చిందో తరువాత పుస్తకాలు చూసి తెలుసుకున్నాను.

మన ఋషికుల్య కంధమాల్ జిల్లాలోని దారింగ్‌బాడి కొండలలో పుట్టి, సుమారు 165 కిలోమీటర్లు ప్రవహించి, గంజాం పట్టణం దగ్గర సముద్రంలో కలుస్తుంది. కొండల మీద పెద్ద వాన పడినప్పుడు మూడు పనులు జరుగుతాయి.

మొదటిది, చినుకు దెబ్బ. పెద్ద చినుకు సెకనుకు సుమారు 9 మీటర్ల వేగంతో పడుతుంది. నేల మీద గడ్డి, రాలిన ఆకులు ఉంటే ఆ దెబ్బ అవి కాస్తాయి. నేల బోడిగా ఉంటే మట్టి చితికి రేణువులుగా విడిపోతుంది.

రెండవది, మోత. ఇంకగా మిగిలిన నీరు మొదట పలుచగా పారుతుంది. తరువాత సన్నని చాళ్లు పడతాయి. చాళ్లు కలిసి వాగులవుతాయి. వాలు పెరిగేకొద్దీ వేగం పెరుగుతుంది. నీటి వేగం రెట్టింపయితే, అది దొర్లించగల రాయి బరువు రెట్టింపు కాదు, సుమారు 64 రెట్లు అవుతుంది. చక్రవడ్డీ లెక్కలు వేసిన నాకే ఇది ఆశ్చర్యం కలిగించింది.

మూడవది, దింపడం. మైదానానికి వచ్చాక నీరు నెమ్మదిస్తుంది. ముందు రాళ్లు, తరువాత ఇసుక, ఆ తరువాత ఒండ్రు దిగుతాయి. సన్నని బంకమట్టి చాలావరకు సముద్రం దాకా పోతుంది. ఆ రైతు పొలానికి ఇసుక మిగిలింది అందుకే. చెరువులలో, జలాశయాలలో పూడిక చేరడమూ ఇలాగే.

దీనికి ఉపాయం మన పక్కనే ఉంది. 1992 వరకు మన జిల్లాలో భాగమైన గజపతి కొండలలో సవరలు వాలును మెట్లుగా మలచి, రాళ్లు పేర్చి గట్లు కట్టి వరి పండిస్తారు. నీరు ఒక్కొక్క మెట్టు మీద ఆగి దిగుతుంది. వేగం తగ్గుతుంది, మట్టి నిలుస్తుంది.

పిల్లలు ఇంట్లోనే పరీక్షించవచ్చు. రెండు రేకు పళ్లెాలలో మట్టి నింపి, ఒకదానిపై ఎండుగడ్డి పరచండి. రెంటినీ ఒకే వాలుగా ఉంచి చెరొక చెంబు నీళ్లు పోయండి. కిందికి కారిన నీటిని రెండు గాజు గ్లాసులలో పట్టి, మరునాడు అడుగున చేరిన మట్టిని పోల్చండి.

ఒక్క సెంటీమీటరు పైమట్టి తయారవడానికి సాధారణంగా వంద సంవత్సరాలకు పైగా పడుతుంది. పోవడానికి ఒక్క వాన చాలు. ఆ రైతు పొలానికి రక్షణ అతని పొలంలో లేదు, పైనున్న కొండ మీద ఉంది. ఆనాడు నేను చెప్పలేకపోయిన జవాబు ఇదే. మీలో రేపు వ్యవసాయం, అటవీశాస్త్రం, ఇంజనీరింగు చదివేవారు దీనిని గుర్తుంచుకుంటే నాకు సంతోషం.