కణమునకు చేరు కబురు

నెల్లూరు ప్రాంతమున కలువాయి వైపున పగలెల్ల ఎండలో పనిచేసి వచ్చిన మనిషికి మూత్రము ఎఱ్ఱగా పోయినచో, ఇంటిలోని పెద్దలు "వేడి చేసినది" అని ఒక్కమాటతో రోగనిర్ణయము ముగించి, సబ్జాగింజలు నానిన నీళ్లో పలుచని మజ్జిగయో త్రాగింతురు. రెండునాళ్లకు ఎఱుపు తగ్గి మూత్రము తేటపడును. అది మజ్జిగ మహిమయని అందఱును నమ్ముదురు. మూత్రాశయమున పుట్టు క్యాన్సరునకు ఇంతకన్న అనుకూలమైన నమ్మకము మఱొకటి లేదు. ఏలయన ఆ వ్యాధి తొలుత నొప్పి లేకుండ రక్తము నొలికించి, తనంతట తానే కొన్ని వారములో నెలలో ఊరకుండును. నొప్పి లేని రోగమునకు మన పల్లెలలో రోగమను గౌరవమే దక్కదు గదా!

కలువాయికి ఉత్తరమున మర్రిపాడు, ఉదయగిరి, కలిగిరి మెట్టలలో పొగాకు పండును, డి.సి.పల్లిలోను కలిగిరిలోను పొగాకు బోర్డువారి వేలము కేంద్రములు కలవు. పొగ ఊపిరితిత్తులను చెఱచునని ఎఱుగనివారుండరు. మూత్రాశయమును చెఱచునన్న నవ్వుదురు. కాని చుట్టలోనో బీడీలోనో ఉన్న ఆరోమాటిక్ అమీన్లు అను రసాయనములు పొగతో లోనికి పోయి, రక్తమున కలసి, మూత్రపిండములచే వడకట్టబడి, మూత్రాశయమున గంటలకొలది నిలిచి దాని లోపొరను తడుపుచుండును. పాశ్చాత్యదేశముల లెక్కల ప్రకారము ఈ క్యాన్సర్లలో దాదాపు సగమునకు పొగత్రాగుటయే కారణము. అదే జాతి రసాయనములతో రంగులు చేయు కర్మాగారపు కూలీలకు ఈ వ్యాధి వచ్చుచున్నదని జర్మనీలో లుడ్విగ్ రెహ్న్ అను శస్త్రవైద్యుడు 1895లో ప్రకటించెను. ఆ సంవత్సరముననే భీమవరమున యల్లాప్రగడ సుబ్బారావు జన్మించెను. రెండింటికిని సంబంధము లేదు. అయినను ఈ కథలో ఆయన రెండుమార్లు కనబడును గనుక ఆ పేరు జ్ఞాపకముంచుకొనదగును.

ఆరోగ్యవంతమైన కణము తన ఇష్టము వచ్చినట్లు పెరుగదు. దానికి వెలుపలినుండి "పెరుగుము" అను కబురు రావలెను. కణపు పొరపై గ్రాహకములను ప్రోటీనులు ద్వారపాలకులవలె నిలిచి ఆ కబురునందుకొని లోపలివారికి అందింపగా, అది చేతులు మారుచు కేంద్రకములోని జన్యువులదాక చేరును. ఈ చేతులు మారుటలో పలుచోట్ల ముద్రగా పడునది ఫాస్ఫేటు; దాని నిచ్చునది ఏటీపీ అను పదార్థము. ఆ ఏటీపీని కండరములలో కనుగొన్నవారిలో, 1929 నాటికి హార్వర్డున సైరస్ ఫిస్కేతో కలసి పనిచేయుచుండిన మన సుబ్బారావు ఒకరు.

కబురు మోయువారిలో రాస్ అను ప్రోటీను ఒకటి. పిలుపు వచ్చినపుడు మేల్కొని, చేరవేసి, మరల నిద్రించుట దాని ధర్మము. 1982లో అమెరికా పరిశోధకులు, ఒక మూత్రాశయపు క్యాన్సరునుండి పెంచిన కణములలో, రాస్ జన్యువునందు ఒకే ఒక అక్షరము మారియుండుట కనుగొనిరి. దానిచే ప్రోటీనులో 12వ స్థానమున గ్లైసీనునకు బదులు వాలీను చేరెను; అంతమాత్రమున రాస్ నిద్ర మఱచి, ఎవరును పంపని కబురును ఎడతెగక చాటుచుండెను. ఒక్క అక్షరమున ఏమున్నదనరాదు: "వచ్చెను" అని వ్రాయవలసిన జాబులో మొదటి అక్షరము తప్పి "చచ్చెను" అని పడినచో ఇల్లెల్ల ఏడ్పులే.

అయితే కబురు చెడిన ప్రతి గడ్డయు ఒకే త్రోవ పట్టదు. కొన్ని లోపొరమీదనే పూగుత్తులవలె పెరుగును. రోగులలో నూటికి సుమారు డెబ్బదియైదుగురు మొదట ఈ స్థితిలోనే వైద్యుని చేరుదురు. అట్టి గడ్డలను మూత్రమార్గమున గొట్టము పంపి తొలగింతురు. అవసరమైనచో, మన బిడ్డలకు క్షయ రాకుండ భుజమున వేయు బీసీజీనే మూత్రాశయమున నింపుదురు. మఱికొన్ని గోడలోని కండరములోనికి దిగును. అప్పుడు సాధారణముగా మూత్రాశయమునే తీసివేయవలసి వచ్చును. పైపైన పెరుగువానిలో ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 అను గ్రాహకపు జన్యువు తఱచుగా మారియుండును. లోనికి చొచ్చువానిలో పీ53, ఆర్‌బీ అను కాపలా ప్రోటీనులు చెడియుండుట ఎక్కువ. కణములను ఒండొంటితో అంటించియుంచు ఈ-క్యాడెరిన్ అను జిగురు తగ్గినచో, అవి గుంపు విడిచి దూరావయవములకు ప్రయాణమగును. కండరమునకు దిగిన 412 గడ్డలను అమెరికావారు శోధించి 2017లో వెలువరించిన జన్యుపటమున, దాదాపు సగమునందు పీ53 జన్యువు చెడియున్నట్లు తేలెను.

ఇట్టి అణుచిహ్నములను భవిష్యసూచకములందురు. జాతకమువంటివనవచ్చును గాని, మన జ్యోతిష్కులకున్నంత ధీమా వీనికి లేదు. ఒక్క పీ53ను చూచి చెప్పిన జోస్యము ఒక పరిశోధనలో నిలిచి, మఱొకదానిలో వమ్మైనది. నేటికిని వైద్యుడు మొదట అడుగునవి పాత ప్రశ్నలే: గడ్డ ఎంతలోతు దిగినది, లసికాగ్రంథులను చేరినదా? ఈ అణుచిహ్నముల విలువ ఆయుర్దాయము లెక్కించుటలో కన్న, ఎవరికి ఏ మందు పనిచేయునో ఏర్పఱచుటలోనే అధికమని నా తలంపు. ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 మారిన ముదురు వ్యాధికై ఎర్డాఫిటినిబ్ అను మాత్ర 2019లో అమెరికాలో అనుమతి పొందినది.

సుబ్బారావు రెండవమారు కనబడునది మందుల యొద్దనే. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడపిన బృందము ఫోలిక్ ఆమ్లమును ఎదిరించు మందులను తయారుచేసెను, మెథోట్రెక్సేట్ వానిలోనిది. ఆయన 1948లో కన్నుమూసెను. 1985లో న్యూయార్కు వైద్యులు మెథోట్రెక్సేటునకు మఱి మూడు మందులు చేర్చి, ముదిరిన మూత్రాశయపు క్యాన్సరుపై ఫలితములు ప్రకటించిరి. 2003లో వెలువడిన మఱొక పరిశోధనలో, మూత్రాశయము తీసివేయుటకు ముందు ఈ నాలుగు మందులను పొందినవారి మధ్యస్థ జీవితకాలము 77 నెలలు. శస్త్రచికిత్స మాత్రమే పొందినవారికి 46 నెలలు.

కనుక ఎఱ్ఱనీరు ఒక్కమారు కనబడినను, నొప్పి లేకున్నను, నెల్లూరికి బస్సెక్కి మూత్రపరీక్షయు, అవసరమైనచో గొట్టపు కెమెరాతో లోపలి పరీక్షయు చేయించుకొనుడు. మజ్జిగ త్రాగియే బయలుదేరుడు. ఎఱుపు ఆగినదని మాత్రము ప్రయాణము మానుకొనకుడు.