పెళ్లి ఖర్చు: అతిథుల జాబితాతోనే అసలు లెక్క

జంషెడ్‌పూర్‌లోని తెలుగు కుటుంబాలలో అనేకం ఉక్కు కర్మాగారంలో కొలువుల కోసం ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చినవే. అందువల్ల ఇక్కడి పెళ్లి బడ్జెట్‌లో బంధువుల ప్రయాణం, విడిది ప్రత్యేక పద్దుగా చేరతాయి.

మండపం మాట్లాడుకోవడానికి ముందే అతిథుల జాబితా సిద్ధం కావాలి. భోజనాలు, విడిది, తాంబూలాల ఖర్చు వచ్చేవారి సంఖ్యను బట్టే పెరుగుతుంది. భోజనానికి మనిషికి 500 రూపాయలనుకుంటే 400 మందికి 2 లక్షలవుతుంది. వంద మంది తగ్గితే 50 వేలు మిగులుతాయి.

రైలు రిజర్వేషన్లు ప్రయాణానికి 60 రోజుల ముందు మొదలవుతాయి. ఆలోగా జాబితా ఖరారైతే టాటానగర్‌కు వచ్చే బంధువులకు తత్కాల్ భారం తప్పుతుంది.

బంగారం విలువపై 3 శాతం జీఎస్టీ ఉంటుంది. తరుగు, మజూరీ ఎంతో ముందే అడిగి తెలుసుకోవాలి. మొత్తంలో పదో వంతు అనుకోని ఖర్చులకు కేటాయించడం మేలు.

1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ నేరమే. బడ్జెట్‌లో ఆ పద్దుకు తావు లేదు.

చేతిలోని పొదుపును బట్టి ఖర్చుకు హద్దు గీసుకోవాలి. ఆ హద్దు దాటి చేసిన అప్పు పందిరి తీసిన తరువాత కూడా ఏళ్ల తరబడి ఇంటి జీతాన్ని హరిస్తుంది.