వజ్రాన్ని కోసేది లేజర్, మెరుపు తెచ్చేది చెయ్యి

సూరత్: ప్రపంచంలో సానపట్టే ప్రతి పది వజ్రాలలో సుమారు తొమ్మిది ఈ నగరం చేతుల మీదుగానే వెళుతున్నాయి. 1990వ దశకంలో ఇక్కడి కార్ఖానాలలో లేజర్ యంత్రాలు ప్రవేశించినది మొదలు, కార్మికుని పనులు ఒక్కొక్కటిగా యంత్రాల పరమవుతూ వచ్చాయి. అయితే అన్నిటికంటే కష్టమనుకున్న పని ముందుగా యంత్రానికి లొంగిపోగా, మామూలుదిగా కనిపించే పని నేటికీ చాలావరకు మనిషి చేతిలోనే మిగలడం గమనార్హం.

పూర్వం ముడివజ్రాన్ని ఎక్కడ కోయాలో నిర్ణయించే వాడే కార్ఖానాలో పెద్ద పనివాడు. భూతద్దంలో చూసి, రాతిలోని మచ్చలను, పగుళ్ళను అంచనా వేసి సిరాతో గీత గీసేవాడు. గీత తప్పితే యజమానికి భారీ నష్టమే. ఈ విద్య పట్టుబడడానికి ఏళ్ళు పట్టేది. నేడు స్కానింగ్ యంత్రం రాయిని అన్ని వైపుల నుంచి కొలిచి, ఏ ఆకారంలో కోస్తే ఎంత బరువు దక్కుతుందో కంప్యూటర్ తెరపై చూపుతున్నది. పలుచని కంచు బిళ్ళతో గంటల తరబడి సాగిన కోత లేజర్‌తో నిమిషాలలో ముగుస్తున్నది.

సానపట్టడం మాత్రం వేరు. గుండ్రని వజ్రానికి సాధారణంగా 57 ముఖాలు తీర్చాలి. వజ్రం అన్ని దిశలలోను ఒకే విధంగా అరగదు. దిశ తప్పితే ఎంత నొక్కినా రాయి లొంగదు. తిరిగే ఇనుప చక్రంపై రాయి చేసే చప్పుడును బట్టి, చేతికి తగిలే ఒత్తిడిని బట్టి కార్మికుడు దిశ మారుస్తాడు. స్వయంచాలక యంత్రాలు వచ్చినప్పటికీ ఈ నేర్పు అవసరం తీరిపోలేదు.

ఈ వ్యత్యాసం రోబో శాస్త్రజ్ఞులకు కొత్త కాదు. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన రాజ్ రెడ్డి 1979లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ రోబోటిక్స్ సంస్థకు వ్యవస్థాపక డైరెక్టర్ అయ్యారు. 1994లో ఆయనకు ట్యూరింగ్ పురస్కారం లభించింది. అదే సంస్థకు చెందిన హాన్స్ మోరావెక్ 1988లో ఒక విషయం స్పష్టం చేశారు. పెద్దలు బుద్ధిబలంతో చేసే లెక్కలు కంప్యూటర్‌కు సులభమని, ఏడాది పిల్లవానికుండే చూపు, కదలికల నేర్పు మాత్రం దానికి కష్టమని ఆయన వివరించారు. సూరత్ అనుభవం ఇందుకు భిన్నంగా లేదు.

గీత గీసే పనివారిలో కంప్యూటర్ నేర్చినవారు నిలదొక్కుకున్నారు. యంత్రం చూపే పథకాలలో ఏది ఎంచుకోవాలో చెప్పడానికి రాతి గుణం, విపణి ధర తెలిసిన మనిషి కావాలి. ఒకే పనికి పరిమితమైనవారికే చిక్కు వచ్చిపడింది.

అయితే చేతినేర్పు ఉన్నంత మాత్రాన ఉపాధికి హామీ లేదు. అమెరికా, చైనాలలో గిరాకీ తగ్గడంతో 2024 ఆగస్టులో ఒక ప్రముఖ సంస్థ 50 వేల మందికి పది రోజుల సెలవు ప్రకటించవలసి వచ్చింది. 1978లో నెలకొల్పిన ఇండియన్ డైమండ్ ఇన్‌స్టిట్యూట్ సూరత్‌లోనే శిక్షణ ఇస్తున్నది. కాని రాళ్ళ లెక్కన కూలి పుచ్చుకునే కార్మికుడు తరగతికి వెళితే ఆ రోజు కూలి పోయినట్లే. కొత్త విద్య నేర్చుకునే కాలానికి అతని ఇల్లు ఎవరు గడపాలన్నదే ఇక్కడ తేలవలసిన ప్రశ్న.